గంధర్వ సోపానం

వాన వెలిసిన శంఖగిరి ఆ ఉదయం మదపుటేనుగులా నల్లగా నిగనిగలాడుతోంది. శిఖరానికి మబ్బులు గొడుగు పట్టాయి. చరియల మీంచి జారే సెలయేళ్లు వెండి గొలుసుల్లా వేలాడుతున్నాయి. లోయ నిండా కడిమిచెట్లు విరగబూశాయి. వాటి నడుమ నెమళ్లు పురి విప్పి తిరుగుతున్నాయి. ఇంత శోభలోనూ ఏదో కొరత. నెమలి మెడ సాచి నోరు తెరుస్తుంది, క్రేంకారం రాదు. కోయిల కొమ్మ మీద రెక్కలు విదిలిస్తుంది, కూత రాదు.

ఆ లోయలోకి ఒక యువకుడు గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. పేరు బేతన. రత్నకూట రాజ్యంలో రాజుగారి గుర్రాలను మచ్చిక చేసి యుద్ధానికి తీర్చిదిద్దే సాహిణి కొడుకు. ఆ దేశపు యువరాజు ఇందుకేతుడూ అతడూ ఒకే గుర్రం మీద స్వారీ నేర్చుకున్నవాళ్లు, ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఘూకాక్షుడనే మాంత్రికుడు ఊళ్ల మీద పడి జనం పాటలను దోచుకుపోతున్నాడని విని, వాడి పీచమణుస్తానంటూ ఇందుకేతుడు వేసవిలో బయల్దేరాడు. మళ్లీ రాలేదు. స్నేహితుణ్ణి వెతుక్కుంటూ బేతన ఇసుక సుడిగుండాల ఎడారి దాటాడు, మనుషుల నీడలు తినే రాక్షసిని నీడ చిక్కని మిట్టమధ్యాహ్నం నరికాడు, చివరికి ఈ కొండ పాదానికి చేరుకున్నాడు.

ఎదురుగా కొండను తొలిచి కట్టిన రాతిమెట్లు కనిపించాయి. ఒక్కొక్కటి ఏనుగు వీపంత వెడల్పు. వాటి ఎత్తులు మాత్రం సమంగా లేవు. ఒక మెట్టు గడపంత ఉంటే, దాని పై మెట్టు నిలువెత్తు గోడలా ఉంది. పైన, ఎనిమిదో మెట్టు మీద, రాగి తలుపుల ద్వారం. మెట్ల నిండా రాతిబొమ్మలు. కత్తి దూసిన వీరులు, కిరీటాలు పెట్టుకున్న రాజులు, గొంతు పట్టుకుని నిలిచిపోయిన గాయకులు. నాలుగో మెట్టు మీద డాలు పట్టుకున్న బొమ్మ ముఖం చూసి బేతన గుర్రపు కళ్లెం వదిలేశాడు.

"ఇందూ!" అంటూ అతను మెట్ల వైపు దూకాడు.

వెనక నుంచి ఎవరో నడికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. బేతన వెల్లకిలా పడ్డాడు. ఆ అలజడికి బెదిరి పొదలోంచి ఒక అడవిపంది బయటికి దూకి, అడ్డదిడ్డంగా పరిగెత్తి మొదటి మెట్టు ఎక్కింది. మెట్టు పెద్ద గంటలా ఖంగున మోగింది. ఆ మోత అణిగేలోపే పంది నాలుగు కాళ్లూ బిగుసుకుపోయాయి. ముట్టె మీద తడి ఆరకముందే అది నల్లరాయి అయిపోయింది.

"చూశావా నాయనా? కాలు పెట్టి ఉంటే నీ గతీ అదే" అంది అతని నడికట్టు వదిలిపెడుతూ ఒక స్త్రీ. వయసు యాభై దాటి ఉంటుంది. నెరిసిన జుట్టు, నారచీర, చంకన ఒక పాత తంబురా. మాట స్పష్టంగానే ఉంది కానీ అందులో ఎక్కడా తడి లేదు. ఎండుటాకుల మీద నడిచినట్టుంది.

బేతన లేచి చేతులు జోడించాడు. "ప్రాణం నిలిపావమ్మా. ఎవరు తల్లీ నువ్వు?"

"హేమవల్లి అంటారు. చంపకావతి ఆస్థానంలో పాడేదాన్ని. నా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలందర్నీ ఆ ఘూకాక్షుడు ఒకనాడు ఎత్తుకొచ్చేశాడు. వాడి కాళ్ల మీద పడి, 'పిల్లల్ని వదిలెయ్, నా పాట తీసుకో' అన్నాను. వాళ్లను వదిలాడు, నా పాట తీసుకున్నాడు. ఇప్పుడు మాట వస్తుంది కానీ, స్వరం పలకబోతే గాలే వస్తుంది. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. నీలాంటి తొందరవాళ్లను ఆపగలిగితే ఆపుదామని. అందరూ ఆగరు." ఆమె ఇందుకేతుడి బొమ్మ వైపు చూసి తల దించుకుంది. "ఆ బిడ్డ ఆగలేదు."

దోచుకున్న పాటలన్నీ పేని ఘూకాక్షుడు నాదకవచం అల్లుకుంటున్నాడనీ, అది పూర్తయితే ఏ ఆయుధమూ వాడిని తాకలేదనీ ఆమె చెప్పింది. వానాకాలమంతా వాడు యోగనిద్రలో ఉంటాడు. మబ్బులు విడిపోయి తొలి ఎండ శిఖరాన్ని తాకాక కళ్లు తెరిచి, ఈ రాతిబొమ్మలను పొడి చేసి, ఆ పొడితో కవచానికి చివరి పూత పూస్తాడు.

బేతన కత్తి పిడి బిగించాడు. "మరి ఈ మెట్లు ఎక్కే దారి లేదా అమ్మా?"

"ఉంది. ఇది ఒకప్పుడు గంధర్వులు కట్టిన సోపానం. మొదటి మెట్టు మీద నిలబడి నువ్వు పలికిన స్వరమే సోపానానికి షడ్జమం, అంటే 'సా', అవుతుంది. అక్కణ్ణుంచి మెట్టుకొక స్వరం చొప్పున, తాళం తప్పకుండా, స్వరం జారకుండా ఎక్కాలి. జారితే రాయే. ఆ బిడ్డ మూడు మెట్లు పాడుతూ దాటి, నాలుగో దాని మీద జారాడు. నీకు పాట వచ్చా?"

బేతన ముఖం వేలాడేశాడు. "ఒకసారి గడ్డి కోస్తూ పాడానమ్మా. దూడకేదో అయ్యిందనుకుని మా అమ్మ పాలచెంబు పారేసి పరిగెత్తుకొచ్చింది."

హేమవల్లి పకపకా నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వినట్టు తన నవ్వుకు తానే ఉలిక్కిపడింది. "రా నాయనా. వానలు ఇంకా ఉన్నాయి. నేర్చుకుందువుగాని."

లోయకు ఆ చివర ఒక పెద్ద జలపాతం ఉంది. దాని వెనక గుహలో ఆమె నివాసం. నీటి హోరు తెరలా అడ్డుండబట్టి లోపల ఎంత గొంతెత్తినా బయటికి వినపడదు. మాంత్రికుడి గుడ్లగూబలు కొండంతా కాపలా తిరుగుతుంటాయి కాబట్టి అంతకంటే క్షేమమైన పాఠశాల లేదు.

"మొదటి పాఠం ఏమిటమ్మా?" అన్నాడు బేతన, యుద్ధానికి కూర్చున్నట్టు ఛాతీ విరుచుకుని.

"వినడం" అని హేమవల్లి తంబురా తీగ మీటింది. "ఏం వినబడుతోంది?"

"తుమ్మెద."

"అది ఎక్కడికైనా ఎగిరిపోయిందా?"

బేతన కళ్లు మూసుకుని విన్నాడు. "లేదమ్మా. ఉన్నచోటే ఉంది."

"అదే శ్రుతి. పాట ఎంత దూరం తిరిగినా చివరికి వచ్చి నిలబడే నేల. నేల కదిలితే ఎవడైనా నిలబడగలడా? ముందు ఆ నేల నీ చెవికి తెలియాలి. తర్వాతే గొంతు."

రెండో పాఠం బేతనకు వచ్చినంత వేగంగా ఏ శిష్యుడికీ వచ్చి ఉండదు. గుర్రం మామూలుగా నడిచేటప్పుడు గిట్టల చప్పుడు ఎలా ఉంటుందో చేత్తో కొట్టి చూపించమంది హేమవల్లి. అతను తొడ మీద నిదానంగా చరిచాడు. దుడుకు నడకలో ఎలా ఉంటుందంటే దానికి రెట్టింపు వేశాడు. దౌడు అనగానే అతని వేళ్లు వడగళ్లలా రాలాయి. ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుని తాళం వేయించింది. ఒక చరుపు, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ చరిచి తిప్పడం, చరిచి తిప్పడం.

"ఇది ఆదితాళం. చెయ్యి ఇలాగే నిదానంగా నడవాలి. దాని మీద స్వరం నడవనీ, దుడుకు నడవనీ, దౌడు తియ్యనీ, చెయ్యి మాత్రం కంగారుపడకూడదు."

"మంచి రౌతు కూడా అంతేనమ్మా. గుర్రం దౌడు తీస్తుంటే కింద దాని కాళ్లు కదలాలి గాని పైన వీడి నడుం కదలకూడదు."

"అదే లయ నాయనా! నీకు తెలిసిందే, పేరే తెలియదు."

అసలు కష్టం గొంతు దగ్గర వచ్చింది. తంబురా ఒక దారి, బేతన ఒక దారి. అందుకోబోతే పైకి తన్నేది, దింపబోతే పాతాళానికి జారేది. ఎన్నో ఉదయాలు అలాగే గడిచాయి. గుహలో గబ్బిలాలు సైతం వేరే చోటు చూసుకున్నాయి. ఒకనాడు బేతన లేచి తంబురాకు దణ్ణం పెట్టాడు.

"నావల్ల కాదమ్మా. నాది గాడిద గొంతు. ఆ మెట్లు ఎక్కి నేనూ ఇందు పక్కన రాయినైపోతాను. కనీసం తోడుంటాను."

"గాడిదకు కూడా ఒక శ్రుతి ఉంది. అది దాన్ని వదలదు. ఊగుతున్నది నీ గొంతు కాదు, నీ భయం" అంది హేమవల్లి. ఆమె గొంతులో కోపం లేదు. "ఒక పని చెయ్. బయట నీ గుర్రం మేస్తోంది. దాన్ని పిలు."

"పింగళినా? ఇప్పుడెందుకు?"

"పిలవమన్నానుగా. గుర్రాన్ని పిలిస్తే గూబలు పట్టించుకోవు."

బేతన నీటితెర పక్కగా గుహ అంచుకు వెళ్లి, తల బయటికి పెట్టి, నోటికి చేతులు అడ్డం పెట్టి "హో...య్!" అని దీర్ఘంగా పిలిచాడు. చిన్నప్పట్నుంచీ గుర్రాలను పిలిచిన పిలుపు అది. బాణంలా తిన్నగా, ఎక్కడా వణకకుండా వెళ్లింది. పింగళి తల ఎత్తి జలపాతం దాటి వచ్చేసింది. అతను వెనక్కి తిరిగేసరికి హేమవల్లి తంబురా బిరడా తిప్పుతోంది. తీగ వదులై, ఇంకా వదులై, సరిగ్గా ఆ పిలుపు దగ్గర ఆగింది.

"ఇదీ నీ షడ్జమం. ఇన్నాళ్లూ నా పాత శ్రుతిలోకి నిన్ను ఈడ్చాను. తప్పు నాది. ఎవరి సా వాళ్లకుంటుంది నాయనా. గొంతు తంబురా దగ్గరికి రాలేకపోతే తంబురాయే వస్తుంది."

బేతన మళ్లీ పిలిచాడు, ఈసారి గుర్రాన్ని కాదు. "సా" అన్నాడు. తీగా గొంతూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. అతని ఒళ్లు జలదరించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అతనికే తెలియదు.

తర్వాత ఆమె కంచు గిన్నెలు వరసగా పేర్చి నీళ్లు పోసింది. నీళ్లు తగ్గిన కొద్దీ స్వరం ఎక్కుతుంది. పుల్లతో కొడుతూ అతనికి సోపానపు గుట్టు చెప్పింది. రిషభం సా పక్కనే, తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా ఉంటుంది. అందుకే రెండో మెట్టు గడపంతే. అక్కణ్ణుంచి గాంధారానికి పెద్ద దూకుడు. గాంధారమూ మధ్యమమూ మళ్లీ పక్కపక్క ఇళ్లు. మధ్యమం నుంచి పంచమానికి ఓ మోస్తరు ఎత్తు.

"పంచమం చేరితే కాసేపు ఊపిరి తీసుకో. సా, పా కదలని స్తంభాలు. తక్కినవి రాగాన్ని బట్టి రూపు మార్చుకుంటాయి గాని ఆ రెండూ మారవు. అక్కణ్ణుంచి మళ్లీ మొదటి కథే. ధైవతం పక్కనే, నిషాదానికి పెద్ద దూకుడు, చివరి అడుగు చిన్నది."

"చివరిదేమిటమ్మా?"

"మళ్లీ సా. కింద ఉన్నదే, పై అంతస్తులో."

రోజూ తెల్లవారగానే బేతన గిన్నెల ముందు కూర్చునేవాడు. స రి గ మ ఎక్కేవాడు, దిగేవాడు, జారిపడేవాడు, మళ్లీ ఎక్కేవాడు. గొంతులో గరుకు పోలేదు. కానీ స్వరం నిలబడటం మొదలైంది. వానలు పలచబడ్డాయి.

ఒక మధ్యాహ్నం గుహ ముందుకు ఒక దేశదిమ్మరి గాయకుడు వచ్చాడు. కాషాయపు తలపాగా, భుజాన ఏకతార, మెడలో ఒక స్ఫటికపు పూస. "అమ్మా, ఆకలి" అన్నాడు. హేమవల్లి పళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. అతను బేతన వైపు చూసి చిరునవ్వు నవ్వాడు.

"బాబూ, ఈ సరిగమలతో గొంతు చించుకుంటావెందుకు? నా దగ్గర ఒక మూలిక ఉంది. నమిలితే చాలు, తేనెలొలికే గొంతు వస్తుంది. ఇదిగో విను" అంటూ మెడలోని పూసను తాకి పాట ఎత్తుకున్నాడు.

ఆ పాటకు జలపాతం కూడా మెత్తబడినట్టయింది. వెన్నెలను చిలికి తీసినట్టున్న ఆడగొంతు అది, గడ్డం పెరిగిన ఆ మగవాడి నోట. బేతన చెయ్యి మూలిక వైపు దానంతట అదే సాగింది. అంతలో లోపల పళ్లపళ్లెం కింద పడిన చప్పుడైంది. హేమవల్లి గుహ గోడ పట్టుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"బేతా... అది నా పాట. వాడి నోట్లోది నా పాట నాయనా!"

బేతన మూలికను విసిరికొట్టి కత్తి దూశాడు. గాయకుడి నవ్వు వికృతంగా సాగి ముక్కు అయింది. భుజాలు చీలి రెక్కలయ్యాయి. వాడు ఘూకాక్షుడి శిష్యుడు దివాంధుడు! ఇంటికప్పంత గుడ్లగూబై గాలిలోకి లేచాడు. బేతన జీనుకు కట్టిన ఉచ్చుతాడు అందుకుని, కొస నడుముకు చుట్టుకుని, గిరగిరా తిప్పి విసిరాడు. పొగరుబోతు గుర్రాల మెడలకు గురి తప్పని ఆ ఉచ్చు దివాంధుడి కాలికి బిగుసుకుంది. మరుక్షణం బేతన పాదాలు నేల వదిలాయి.

గుడ్లగూబ చెట్ల తలల మీదుగా, చరియల పక్కగా అతన్ని ఈడ్చుకుపోయింది. ముళ్లకొమ్మలు ఒళ్లు చీరాయి. ఒక బండను తప్పించుకోవడానికి అతను గాల్లోనే పిల్లిమొగ్గ వేశాడు. కత్తి జారి లోయలో పడింది. అయినా తాడు వదల్లేదు. "విడువరా! విడువు!" అని దివాంధుడు హేమవల్లి గొంతుతోనే అరుస్తూ శిఖరం వైపు ఎగబాకాడు.

అప్పుడు మబ్బులు విడిపోయాయి. శరదృతువు తొలి ఎండ బంగారు బల్లెంలా దూసుకొచ్చి శిఖరాన్ని తాకింది. వెలుగు చూడలేని దివాంధుడి కళ్లు చీకట్లు కమ్మాయి. వాడు గుడ్డిగా చుట్లు తిరిగి, కొండకు గుద్దుకుని, రాగి ద్వారం పైన ఒక బండను గోళ్లతో కరుచుకున్నాడు. తాడు తెగింది. బేతన మెట్ల పక్కనున్న చరియ మీంచి జారి, దొర్లి, మొదటి మెట్టు మీద బోర్లాపడ్డాడు.

మెట్టు ఖంగున మోగింది.

ఇక వెనక్కి దిగే వీల్లేదు. మోత అణుగుతోంది. అతని అరికాళ్లు అప్పుడే చల్లబడుతున్నాయి. బేతన లేచి నిలబడి, కళ్లు మూసుకుని, పచ్చిక మీద మేసే పింగళిని తలుచుకుని "సా" అన్నాడు. మెట్టు ఆ స్వరాన్ని అందుకుని తానూ పాడింది. కాళ్లలోకి వెచ్చదనం తిరిగి వచ్చింది.

కింద హేమవల్లి పింగళిని ఎక్కి పరిగెత్తించుకుంటూ వచ్చేసింది. ఒక చేత్తో తంబురా మీటుతూ, రెండో చేత్తో బండ మీద తాళం వేయసాగింది. "కంగారుపడకు నాయనా! నిదానంగా, మొదటి కాలంలో!"

బేతన చెయ్యి తొడ మీద పడింది. చరుపు, చిటికెన, ఉంగరం, నడిమి వేలు. "రీ" అంటూ గడపంత మెట్టు ఎక్కాడు. ఎదురుగా నిలువెత్తు గోడ. గొంతుతో దూకుతూ ఒంటితోనూ దూకి, అంచు పట్టుకుని వేలాడుతూనే "గా" పలికాడు. పలికాకే పైకి పాకాడు.

పైనున్న దివాంధుడికి కళ్లు పోయాయి గాని గొంతు పోలేదు. వాడు హేమవల్లి పాటనే వేరొక శ్రుతిలో ఎత్తుకున్నాడు. చెవిలో అమృతం పోసినట్టు, జోలపాటలా, "ఇటు రా, నా వెంట రా" అని లాగినట్టు. బేతన "మా" అంటూ నాలుగో మెట్టు ఎక్కేసరికి స్వరం వణికింది. ఎడమపాదం నల్లబడి రాయి అయింది.

తన పాటే తన శిష్యుణ్ణి చంపుతుంటే హేమవల్లికి గుండె చెరువైంది. తంబురా తీగను వేళ్లు తెగేలా మీటుతూ అరిచింది, "దాన్ని వినకు బిడ్డా! అది నాది! నీది కాదు! నీ సా ఎక్కడుందో చూసుకో!"

పక్కనే ఇందుకేతుడి రాతిముఖం. బేతన ఆ రాతిభుజం మీద చెయ్యి వేసి, కింద నుంచి సన్నగా వస్తున్న తుమ్మెదను వెతికి పట్టుకున్నాడు. దాని మీద కాలు మోపినట్టు గొంతు మోపి మళ్లీ "మా" అన్నాడు. గరుకుగా, తిన్నగా. పాదం మీది రాయి పెచ్చులుగా రాలింది. అతని చేతి కింద ఇందుకేతుడి భుజం వెచ్చబడింది. రాతి ఛాతీ మెల్లగా పైకి లేచి కిందికి దిగింది. కాళ్లింకా మెట్టుకు అతుక్కునే ఉన్నాయి. పెదవులు మాత్రం కదిలాయి.

"బేతా... నువ్వు... పాడుతున్నావా?"

"నవ్వకురా, శ్రుతి పోతుంది" అని బేతన పంచమానికి ఎగబాకాడు. పా! కొండంతా ఒక్కసారి సర్దుకుని కూర్చున్నట్టయింది. ఒక ఆవర్తం, తాళం ఒక చుట్టు తిరిగేంతసేపు, ఊపిరి పీల్చుకున్నాడు. ధా, చిన్న అడుగు. పెద్ద దూకుడు, నీ! అతను దాటిన ప్రతి మెట్టు మీదా వీరులూ గాయకులూ దగ్గుతూ, మూలుగుతూ ఊపిరి తీసుకుంటున్నారు. దివాంధుడు గొంతు హెచ్చించి హెచ్చించి, చివరికి తన శ్రుతి తానే తప్పి కీచుమన్నాడు.

నిషాదం మీద నిలబడటం కత్తి మొన మీద నిలబడటమే. చివరి మెట్టు ఎదురుగా ఉంది. బేతన తల ఎత్తి, ఉన్న ఊపిరంతా కూడగట్టి, పై షడ్జమం పలికాడు. అది తీయగా లేదు. చెట్టు బెరడులా ఉంది. కానీ సరిగ్గా ఉండవలసిన చోట ఉంది.

రాగి తలుపులు గుండెలదిరేలా మోగుతూ తెరుచుకున్నాయి. లోపల నల్లని మందిరంలో, గొలుసుల్లా పేనిన వేలవేల పాటల వెలుగులో, పులిచర్మం మీద ఒక బక్కపలచని ఆకారం కూర్చుని ఉంది. ఒక కన్ను తెరుచుకుంది. తర్వాత రెండోది. పసుపుపచ్చగా, రెప్ప వాల్చకుండా.

"రాజకుమారులు రాలేకపోయిన చోటికి గరుకు గొంతువాడు వచ్చాడే" అన్నాడు ఘూకాక్షుడు నింపాదిగా. "ఎవరి శిష్యుడివిరా నువ్వు?"

బేతన చేతిలో కత్తి లేదు. నడుముకు తెగిన తాడు ముక్క తప్ప మరేమీ లేదు. అయినా ఆ మాట చెప్పడానికి అతను నిటారుగా నిలబడ్డాడు.

"చంపకావతి హేమవల్లమ్మ శిష్యుణ్ణి" అన్నాడు.

ఆ పేరు వినగానే గొలుసుల్లోని పాటలన్నీ ఒక్కసారి కదిలి, పేనిన మెలికలు వదులవసాగాయి. మాంత్రికుడి ముఖంలో చిరునవ్వు ఆరిపోయింది. బేతన గడప దాటాడు. అతని వెనక రాగి తలుపులు మూసుకున్నాయి.